రెండు తలల పాము సీసా ముందు అవ్వ: ప్రకృతి చరిత్ర మ్యూజియంలో కుటుంబాల కార్యక్రమంపై కేస్ స్టడీ

ఇది రాయలసీమలోని ఒక ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కేసు. ఊరి పేరు, నడిపే సంస్థ పేరు, సిబ్బంది వివరాలు తీసేశాం. కొలతలు, వాడిన వస్తువులు, జరిగిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. బడిపిల్లల కోసం తయారైన కార్యక్రమాన్నే ఆదివారం వచ్చే ఇంటిల్లిపాదికీ పెట్టే మ్యూజియంలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్ళకు పనికొస్తుందని, ఈ కార్యక్రమాన్ని మార్చే పనిలో ఉన్న మేం రాసింది ఇది.

నేపథ్యం

రెండంతస్తుల పాత భవనం. కింద రాళ్ళు, ఖనిజాలు, గవ్వలు, సీసాల్లో పాములు, కప్పలు. పైన గాజు బీరువాల్లో స్టఫ్ చేసిన జంతువులు, పక్షులు, పురుగుల పెట్టెలు. సేకరణ చిన్నదే గానీ మంచిది. కడప రాతిపొరల నుంచి తెచ్చిన స్ట్రోమటోలైట్లు, అంటే వంద కోట్ల ఏళ్ళకు ముందే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చిపోయిన రాళ్ళు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాయి.

మామూలు రోజుల్లో బడి బస్సులు వస్తాయి. ఆదివారాలు, సంక్రాంతి, దసరా సెలవుల్లో కుటుంబాలు వస్తాయి. ఒక అవ్వ, ఒక తాత, అమ్మానాన్నలు, పదేళ్ళ పిల్ల, చంకలోంచి దిగనంటున్న నాలుగేళ్ళవాడు. వాళ్ళ కోసమని మ్యూజియం పెట్టినవి మూడు. ఆదివారం పదకొండింటికి 45 నిమిషాల ఉపన్యాసం, 20 ప్రశ్నల కాగితం, ఒక సినిమా ప్రదర్శన. మూడూ బడి కార్యక్రమం నుంచి తెచ్చి పెట్టినవే.

సమస్య ఎలా వచ్చింది

యాజమాన్యం చెప్పింది ఇది: కుటుంబాలు పావుగంటలో చుట్టేసి వెళ్ళిపోతున్నాయి, ప్రశ్నల కాగితాలు ఖాళీగా తిరిగొస్తున్నాయి, కాబట్టి వాళ్ళకు ఆసక్తి లేదు. మందు కూడా వాళ్ళే నిర్ణయించుకున్నారు. అయితే టచ్‌స్క్రీన్లు, లేకపోతే గుమ్మం ముందు ఫైబర్ డైనోసార్.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో 2000లో తెరిచిన డైనోసారియంలో ఉన్న డైనోసార్ కోటసారస్‌ను చూడ్డానికి జనం వెళ్తారన్నది నిజమే. కానీ ఆ అస్థిపంజరం తెలంగాణలోని యామనపల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టింది. అవి అసలు ఎముకలు, మన నేలలోంచి వచ్చినవి. దాని ముందు మనిషి ఆగేది అందుకే. ఫైబర్ బొమ్మకు ఆ రెండూ ఉండవు. గుమ్మం దగ్గర ఫొటో దిగుతారు, లోపల మళ్ళీ అదే పావుగంట. టచ్‌స్క్రీన్ మీద మా అభ్యంతరం వేరు. ఒక తెర ముందు ఒక్క వేలికే చోటు. ఇంట్లో చురుకైన పిల్లాడు ముందుకొస్తాడు, మిగతావాళ్ళు వాడి వెనక నిలబడతారు.

ఏదైనా కొనేముందు మూడు ఆదివారాలు చూడనివ్వమని అడిగాం. పద్ధతి చాలా మామూలుది. ఏ4 కాగితం మీద అంతస్తు పటం, ఒక పెన్సిలు, ఒక గడియారం. ఒక పరిశీలకుడు ఒక కుటుంబాన్నే, లోపలికి వచ్చింది మొదలు బయటికి పోయేదాకా చూస్తాడు. ఎక్కడ ఆగితే అక్కడ చుక్క, పక్కన ఎంతసేపు ఆగారు, ముందు నోరు విప్పింది ఎవరు: పెద్దలైతే ‘పె’, పిల్లలైతే ‘పి’, గైడ్ అయితే ‘గై’. ఎవరి పేరూ అడగం, ఫొటో తీయం.

పటాలు పక్కపక్కన పరిస్తే ఆసక్తి లేదన్న మాట నిలబడలేదు. పులి దగ్గర చుక్క ఉంది, కానీ అది ఫొటోకు పట్టినంతసేపే. ఎక్కువసేపు ఆగిన చుక్కలన్నీ అలుగు దగ్గర, ఉడుము దగ్గర, గిజిగాడి గూడు దగ్గర, పాముల సీసాల దగ్గర. ఆ చుక్కల పక్కన ఉన్నవి దాదాపు అన్నీ ‘పె’లే, అందులోనూ అవ్వా తాతలు. కుటుంబంలో ఎవరో ఒకరు దాన్ని ముందే చూసి ఉన్నచోట మాట పుడుతోంది. ఎవరూ చూడనిచోట పిల్లలు లేబుల్ చదివి కదిలిపోతున్నారు.

కేసు మలుపు తిరిగింది కింది అంతస్తులో, ఒక సీసా ముందు. అందులో ఉన్నది రెడ్ శాండ్ బోవా. లేబుల్ మీద శాస్త్రీయ నామం, దొరికిన తాలూకా పేరు, అంతే. స్పిరిట్‌లో ఏళ్ళ తరబడి ఉండి ఎర్రటి రంగు పోయి పాలిపోయింది. ఒక అవ్వ ఆగి మనవడితో అంది: "ఇది రెండు తలల పాము రా. ఆర్నెల్లు ఇటు పోతాది, ఆర్నెల్లు అటు పోతాది. మా చేన్లో చెనిక్కాయలు పెరికేటప్పుడు శానాసార్లు చూసినాం." పిల్లాడు గాజుకు ముక్కు ఆనించి రెండో తల కోసం వెతుకుతున్నాడు. గైడ్ వచ్చి, "అది మూఢనమ్మకం అమ్మా, దానికి ఉండేది ఒకటే తల" అన్నాడు.

ఆ మాటలో తప్పు లేదు. గొంతులో మర్యాద కూడా ఉంది. కానీ ఆ కుటుంబం పటంలో అప్పటిదాకా నాలుగు ‘పె’లు ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కటి లేదు. అవ్వ ఒక అడుగు వెనక్కి వేసి, పై అంతస్తంతా మౌనంగా నడిచింది. పిల్లాడు కూడా సీసా వదిలేశాడు, ఎందుకంటే జవాబు వచ్చేసింది, వెతకడానికి ఏమీ మిగల్లేదు.

ఇక్కడినుంచి సమస్యను వేరే మాటల్లో రాసుకున్నాం: కుటుంబంతో పాటే ఒక టీచరు లోపలికి వస్తోంది, మ్యూజియం ఆమెను గుర్తించడం లేదు.

చేసి చూసినవి, చెడిపోయినవి

ప్రశ్నల కాగితాన్ని రంగుల్లో, 20కి బదులు 8 ప్రశ్నలతో వేయించడం మొదటి ప్రయత్నం. చౌక, వెంటనే చేయొచ్చు, అందుకే ముందు దాన్నే చూశాం. పని చేయలేదు. కాగితం చేతికి రాగానే అమ్మానాన్నలు ఇన్విజిలేటర్లు అయిపోయారు. "చూసి రాయి", "చెల్లిని అడక్కు" అనే మాటలే వినిపించాయి. ప్రశ్నకు ఒకే సరైన జవాబు ఉన్నంతకాలం అది పరీక్షే, దానికి ఎన్ని రంగులు పూసినా.

రెండోది తాకిచూసే బల్ల. పొడవాటి బల్ల మీద 30 దాకా వస్తువులు, వెనక ఒక గైడ్. పిల్లలు మూగారు. పెద్దలు గోడ పక్కన నిలబడి ఫోన్లు చూసుకున్నారు, ఎందుకంటే బల్ల చుట్టూ కూర్చునే చోటు లేదు, ‘ఇది పిల్లలది’ అన్నట్టుగా దాని ఎత్తు కూడా ఉంది. గవ్వలు మాయమయ్యాయి.

ఇదే బల్ల దగ్గర రెండు ప్రమాదాలు తప్పిపోయాయి. వాటిని విడిగా రాయాలి. మొదటిది, లేబుల్ ఊడిపోయిన పాత స్టఫ్ చేసిన పక్షిని ‘ఎలాగూ పాడైందే కదా’ అని స్టోర్ నుంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. పాతకాలపు చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు రుద్దేవారు. అది దశాబ్దాలు గడిచినా పోదు, ఈకల మీదికి పొడిగా వస్తుంది, చేతికి అంటుతుంది. కళ్ళ చుట్టూ, కాళ్ళ మొదట్లో తెల్లటి పొడి కనిపిస్తే అనుమానించాలి. కనిపించకపోయినా పరీక్ష చేయించేదాకా విషం ఉన్నట్టే లెక్క. సిబ్బంది కూడా నైట్రైల్ రబ్బరు చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. పిల్లల చేతికి స్టఫ్ చేసినవి ఏవీ ఇవ్వకూడదన్నది అప్పుడు పెట్టుకున్న నియమం, దానికి మినహాయింపు లేదు.

రెండోది గింజల గిన్నె. అందంగా ఉంటాయని ఆముదం గింజలు, గురివింద గింజలు పోశారు. రెండూ నమిలితే ప్రాణాంతకం. నాలుగేళ్ళవాడు దేన్నైనా ముందు నోట్లోనే పెడతాడు. ఆ రోజే తీయించి, ఆముదాన్ని స్క్రూలు బిగించిన పారదర్శక పెట్టెలో పెట్టాం, గురివిందను పూర్తిగా మానేశాం. మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డం పడే సైజు తెలుసుకోవడానికి సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం ఉంటుంది. అందులో పట్టే ఏ వస్తువునూ విడిగా వదలకూడదు.

మూడో ప్రయత్నం గైడ్లకు ‘కుటుంబాలతో ఎక్కువ మాట్లాడండి’ అని చెప్పడం. ఇది అన్నిటికంటే చెడగొట్టింది. గైడ్ ఎంత బాగా చెబితే కుటుంబం అంత నిశ్శబ్దమైంది.

పనిచేసింది: ఇంటిల్లిపాది ట్రే

బల్లను ముక్కలు చేసి ఒక్కో కుటుంబానికి ఒక్కో ట్రే ఇస్తే ఏమవుతుంది అన్నది తర్వాతి ఆలోచన. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 45×30 సెంటీమీటర్ల ట్రే, 4 సెంటీమీటర్ల అంచు, మూలలు గుండ్రంగా. లోపల ఫోమ్, అందులో ప్రతి వస్తువు ఆకారానికీ గుంట కోసి ఉంటుంది. ట్రే తిరిగొచ్చినప్పుడు ఏది లేదో లెక్కపెట్టకుండానే తెలుస్తుంది. గవ్వలు పోవడం దీనితోనే ఆగింది, కాపలాతో కాదు. ఒక్కో ట్రేలో ఐదు వస్తువులు, ఒకే సంగతి. ఐదు సంగతులు, ఒక్కోటి రెండు ప్రతులు, మొత్తం పది ట్రేలు. మొత్తం బరువు రెండున్నర కిలోలు దాటకూడదు. ఎనిమిదేళ్ళ పిల్ల తనే మోసుకుపోవాలి, అది ముఖ్యం. కౌంటర్‌లో ఒక చెక్క బిళ్ళ ఇచ్చి ట్రే తీసుకుంటారు. గుర్తింపు కార్డు అడగం, అడిగితే సగం మంది వెనక్కి తగ్గారు.

కూర్చోవడానికి చాప, 60 సెంటీమీటర్ల ఎత్తు బల్ల, దాని పక్కనే వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి. ఆ కుర్చీ లేనిరోజు అవ్వ నిలబడి ఉంటుంది, ఆమె నిలబడి ఉంటే కుటుంబం త్వరగా లేస్తుంది.

ట్రేలో అసలు పని కార్డుది. దాని మీద మూడే ప్రశ్నలు, 20 పాయింట్ల అక్షరాలు, ఒక్కో ప్రశ్న పది మాటలు మించదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ పెద్దలకు: ‘మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు?’ లేదా ‘దీన్ని ఎక్కడ చూశారు?’ కానీ చదవాల్సింది పిల్లలు. ఇది కావాలనే చేసిన ఏర్పాటు. అవ్వకు చదువు రాకపోవచ్చు, వచ్చినా కళ్ళజోడు ఇంట్లో మరిచి ఉండొచ్చు. చదవడం మనవరాలి పని, గుర్తుచేసుకోవడం అవ్వ పని. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళు లేకుండా ముందుకు పోలేరు. తెలుగు కూడబలుక్కుని చదివే ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆ పది మాటల హద్దు సరిపోయింది.

రెండో ప్రశ్న చేతికి, మూడోది కంటికి. రాళ్ళ ట్రేలో కోడిగుడ్డంత గ్రానైటు ముక్క, అంతే ఉన్న ముగ్గురాయి (బెరైటీస్) ముక్క పెట్టాం. ‘రెండు చేతుల్లో చెరొకటి పట్టుకోండి. ఏది బరువు?’ గ్రానైటు సుమారు 150 గ్రాములుంటే ముగ్గురాయి 240 దాకా తూగుతుంది. చెయ్యి వెంటనే కిందికి దిగుతుంది, పిల్లల మొహాల్లో అది కనబడుతుంది. మంగంపేట గనులున్న సీమలో ముగ్గురాయి పేరు తెలియని అవ్వ ఉండదు, ఆ బరువు వల్లే దాన్ని చమురు బావుల తవ్వకంలో వాడతారని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ సంగతి కార్డు వెనక ఉంది. మొదట్లో పిడికెడంత రాళ్ళు పెట్టాం, ట్రే మోయలేనిదైంది. అభ్రకాన్ని విడిగా పెడితే పొరలు ఊడి కళ్ళలో పడేలా ఉన్నాయి, పెట్టెలోకి మార్చాం.

అడుగుజాడల ట్రేలో కుక్క, పిల్లి, మేక, కోడి అడుగుల అచ్చులు, ఒక పళ్ళెం నిండా జల్లించిన ఇసుక. అచ్చు కోసం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు, మందం 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు, తగ్గితే నెలలోపే విరుగుతుంది. పిల్లి అడుగులో గోళ్ళ గుర్తు పడదు, కుక్క అడుగులో పడుతుంది. కార్డు వెనక కలివికోడి సంగతి రాశాం. చాలా దశాబ్దాలు కనబడకుండా పోయి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన ఈ పిట్ట రాత్రిపూట తిరుగుతుంది. దాన్ని వెతకడానికి పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగులు చూశారు. ట్రేలోని ఇసుక పళ్ళెం ఆ మట్టి పట్టీకి చిన్న రూపం.

ఆరుద్ర పురుగుది మూడో ప్రశ్న ఒక్కటే చాలు: ‘కాళ్ళు ఎన్ని?’ పెద్దయ్యాక ఎనిమిది, అంటే సాలెపురుగు చుట్టం. దీన్ని పారదర్శకంగా గట్టిపడే రెసిన్‌లో పోయించడం పొరపాటైంది. మఖమలు నూగు తడిసి అణిగిపోయి నల్లటి ముద్దలా అయింది. పొడిగా గాలి చొరని పెట్టెలో పెట్టి భూతద్దం ఇచ్చాక కుదిరింది. 10 రెట్ల భూతద్దాన్ని వస్తువుకు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి, పిల్లలకు అది పట్టుబడదు. 5 రెట్లదే సరి.

రెండు తలల పాము ట్రే

దీని మీద అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాం. అవ్వ మాటను ఖండిస్తే ఏమవుతుందో చూశాం. అలాగని వదిలేయడానికీ లేదు. రెండు తలలుంటాయని, లక్షలు పలుకుతుందని, నిధులు చూపిస్తుందని నమ్మే ఈ పామును పట్టి అమ్ముతున్నారు. అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. కాబట్టి నిజం చెప్పి తీరాలి, కానీ అది గైడ్ నోటి నుంచి రాకూడదు.

వినాయక విగ్రహాలు చేసే కళాకారుడితో కాగితం గుజ్జుతో ముప్పాతిక మీటరు పొడవు నమూనా చేయించాం. మొదటిసారి ఆయన అలవాటు కొద్దీ కళ్ళు పెద్దవి చేశారు, తల వైపు ముదురు రంగు వేశారు. చూడగానే జవాబు తెలిసిపోయింది. రెండోసారి రెండు కొసలకూ ఒకే రంగు, ఒకే మందం, కళ్ళు ఆవగింజంత. కార్డు మీద మొదటి ప్రశ్న: ‘దీన్ని పొలంలో చూశారా? ఏమంటారు?’ రెండోది: ‘రెండు కొసలూ తడిమి చూడండి. నోరు ఎటు ఉంది?’ మూడోది: ‘కళ్ళు వెతకండి.’ మడత విప్పితే: ‘భయపడితే ఇది తలను చుట్టల కింద దాచి తోకను పైకి చూపిస్తుంది. దెబ్బ తోకకు తగిలితే పాము బతుకుతుంది. అందుకే దీనికి రెండు తలలున్నట్టు మన కళ్ళకు కనిపిస్తుంది.’

చివరి వాక్యాన్ని మూడుసార్లు మార్చాం. ‘ఇది మూఢనమ్మకం’ అని మొదట ఉంది. తర్వాత ‘నిజానికి ఒకటే తల’ అని. ఇప్పుడున్న వాక్యం అవ్వ చూసింది తప్పు కాదంటుంది, అలా ఎందుకు కనబడిందో చెబుతుంది. ఈ కార్డు పెట్టాక పలుసార్లు వినబడిన మాట, అవ్వల నోటే: "ఓహో, ఇది తోకా!" ఆ తర్వాత మనవడికి వాళ్ళే మళ్ళీ మొదట్నుంచి చెబుతారు.

గైడ్లకు రెండు అరపూటల శిక్షణ ఇచ్చాం. మొదటి ఐదు నిమిషాలు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. ‘కాదు’ అనే మాటతో మొదలుపెట్టకూడదు. ‘ఎక్కడ చూశారు?’ ‘ఇంకోసారి చూద్దామా?’ ఈ రెండే చాలు. దీనికి ఒక మినహాయింపు ఉంది. పాము కాటుకు కోసి రక్తం పీల్చాలనో, మంత్రం వేయించాలనో, పసరు పోయాలనో పిల్లల ముందు ఎవరన్నా వెంటనే, సూటిగా చెప్పాలి: కోయకూడదు, కట్టకూడదు, కదలనివ్వకుండా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెద్దల గౌరవం కంటే ప్రాణం ముందు.

ఎక్కడ తడబడింది

అవ్వా తాతలు లేని కుటుంబాల దగ్గర మొదటి ప్రశ్న చతికిలపడింది. పట్నంలో పెరిగిన అమ్మానాన్నలు ‘తెలీదు’ అని కార్డు పక్కన పెట్టేశారు, మొహాలు చిన్నబోయాయి కూడా. అప్పుడే ప్రతి ట్రేలో కనీసం ఒక ప్రశ్న ముందే తెలియనక్కర్లేనిది, చేత్తో చేసి చూసేది ఉండాలని ఖాయం చేశాం. కొందరు మేం అనుకోని దారి పట్టారు. వీడియో కాల్ చేసి ఊళ్ళో ఉన్న అవ్వకు వస్తువు చూపించారు. మందపాటి గోడల వల్ల లోపల సిగ్నల్ రాదు. కిటికీ పక్క బల్లను ఆ పనికే వదిలిపెట్టాం.

గింజల ట్రేలో మూడో నెలకే ముక్కపురుగు పడింది. మందు చల్లితే పిల్లల చేతులకు అంటుతుంది, కాబట్టి జిల్లేడు దూది, పల్లేరు, ఏగిస చెట్టు రెక్కకాయలు అన్నీ జిప్ కవర్లలో గాలి తీసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టాలి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి, లేకపోతే తేమ పట్టి బూజు వస్తుంది. రెండు ప్రతులు ఉండాలన్నది ఇందుకే, ఒకటి ఫ్రీజర్‌లో ఉంటే ఒకటి బయట.

ట్రేలు బాగున్నాయని తెలిశాక జనం ఇంట్లో ఉన్నవి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. జింక రాల్చిన కొమ్ములు, పిట్టగూళ్ళు, తాబేటి చిప్ప. రాలినవే అయినా, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ట్రోఫీ అన్న మాట కిందికి కొమ్ములు, గూళ్ళు, గుడ్లు, చిప్పలు అన్నీ వస్తాయి. కౌంటర్‌లో తీసుకుంటే మ్యూజియానికీ చిక్కే. ఎక్కడిది, ఏ అనుమతితో వచ్చింది అన్న కాగితం లేని వస్తువు రిజిస్టర్‌లో ఎక్కదు. తీసుకోకుండా, బెదిరించకుండా, అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు చెప్పమని ఒక చీటీ ఇస్తున్నాం. కుటుంబాల ట్రేల్లో అడవి జంతువుల భాగాలు ఏవీ పెట్టకపోవడానికి కారణం ఇదే. గిజిగాడి గూడు పాత సేకరణలోది ఒకటే, అది గాజు వెనకే ఉంది.

మళ్ళీ చేయాల్సి వస్తే

ట్రేలు చేసేముందే కార్డులు పరీక్షిస్తాం. మేం చెక్కపని ముందు చేయించాం, తర్వాత ప్రశ్నలు మారి ఫోమ్ గుంటలు రెండుసార్లు కోయాల్సి వచ్చింది. తెల్ల కాగితం మీద చేత్తో రాసిన కార్డు, ఒక స్టీలు పళ్ళెం, ఐదారు కుటుంబాలు ఉంటే ఒక్క ఆదివారంలోనే తెలిసిపోయేది. ఉపన్యాసాన్ని కూడా ఇంకా ముందే ఆపేవాళ్ళం. అది నడిచినంతసేపూ ట్రేలు ఖాళీగా ఉన్నాయి.

పెన్సిలు పటాలు మళ్ళీ గీశాం, అదే పద్ధతిలో, మూడు ఆదివారాలు. ఒకప్పుడు మ్యూజియం అంతా చుట్టడానికి పట్టిన పావుగంట ఇప్పుడు ఒక్క ట్రే దగ్గరే గడుస్తోంది. ‘గై’ బాగా తగ్గింది. ట్రే తిరిగిచ్చాక చాలామంది అదే వస్తువును గాజు బీరువాల్లో వెతకడానికి పైకి వెళ్ళడం పటాల్లో కొత్తగా కనబడింది.

మొదటి ప్రశ్నకు వచ్చిన పేర్లు రాసుకోవడానికి కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టాం: వస్తువు, పేరు, ఏ మండలం. ఇది ఇప్పుడు మూడో పుస్తకంలో ఉంది. పాముల సీసాల లేబుళ్ళు అందులోంచే తిరగరాస్తున్నారు. రెడ్ శాండ్ బోవా సీసా మీద మొదటి పంక్తి ఇప్పుడు ‘రెండు తలల పాము’, దాని కింద శాస్త్రీయ నామం, ఆ కింద ఒక చిన్న బాణం గుర్తు, కళ్ళున్న వైపుకు.